పాప్ రాజులూ... మా మామయ్యా... నేనూ!

ముందే చెప్పేస్తున్నాను. నాకు సంగీతం రాదు. గిటార్ చేతికిస్తే ఏ వైపు నుంచి పట్టుకోవాలో కూడా తెలీదు. అంచేత ఈ వ్యాసంలో ఫలానా పాట ఫలానా స్కేల్లో ఉందనే మాటల కోసం వెతక్కండి, దొరకవు. వినేవాడిగా నాకేం తోచిందో అదే రాస్తున్నాను. కోపం వస్తే ఎడిటర్‌గారికి ఉత్తరం రాసుకోండి. ఆయనకది అలవాటే!

సంగతేమిటంటే, మా చిన్న మామయ్య విశాఖపట్నంలో ఓ షిప్పింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసిన రోజుల్లో ఓడ దిగిన నావికులు ఇచ్చినవీ, మద్రాసు వెళ్ళినప్పుడల్లా బర్మాబజారులో బేరమాడి కొన్నవీ కలిపి నూట అరవై పైచిలుకు కాసెట్లు ఓ రేకు ట్రంకుపెట్టెలో దాచాడు. అన్నీ ఇంగ్లీషు పాటలే. సముద్రపు గాలికి సగం టేపులకి తెల్లటి బూజు పట్టేది. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు ఆ కాసెట్లు ఎండ తగలకుండా గాలికి ఆరబెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టడం నా డ్యూటీ. కూలి? పది కాసెట్లకి ఓ గోలీసోడా! అలా తుడుస్తూ తుడుస్తూనే నేను చెడిపోయాను.

పోయినేడు మామయ్యకి చెవులు పరీక్ష చేయించాం. డాక్టరుగారు ఓ కాగితం మీద గీత గీసి చూపించారు. ఎడమవైపు బాగానే మొదలైన గీత కుడివైపుకి వచ్చేసరికి కొండ దిగినట్టు దిగిపోయింది. అంటే కింది స్థాయి శబ్దాలు వినిపిస్తాయి, పైస్థాయివి వినిపించవు. వయసుతో చాలామందికి ఇలాగే అవుతుందట. ఇంటికొచ్చాక మామయ్య ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "ఒరే, ఆ పెట్టె దింపు. ఏవేం మిగిలాయో చూద్దాం" అన్నాడు. కాసెట్ల మాట అనుకున్నాను నేను. ఆయన అన్నది చెవుల సంగతి.

అదీ ఈ వ్యాసానికి పుట్టుక. రెండు నెలలపాటు శని, ఆదివారాలు కూర్చుని ఒక్కొక్కటే విన్నాం. టేపు తెగినవాటిని నా ఫోన్లో పెట్టాం. విన్నంత సేపు పోట్లాడుకున్నాం.

రాజుగారు... రాచపుండు

మొదట పైకొచ్చింది ఎల్విస్ ప్రెస్లీ. మామయ్యకి ఎల్విస్ అంటే ప్రాణం. నాకు సగం ఎల్విస్ చాలు. ఏ సగం అంటారా? 1954లో మెంఫిస్ నగరంలో సన్ రికార్డ్స్ అనే బుల్లి స్టూడియోలో పాడిన పందొమ్మిదేళ్ళ లారీ డ్రైవరు కుర్రాడు. పక్కన ఒక గిటార్, ఒక బాస్, అంతే. డ్రమ్స్ లేనే లేవు! అయినా ఆ పాట వింటే కాలు ఊరుకోదు.

అయితే ఆ మొదటి రికార్డు "దట్సాల్ రైట్" ఎల్విస్‌ది కాదు. ఆర్థర్ క్రూడప్ అనే నల్లజాతి గాయకుడు 1946లో తానే కట్టి తానే పాడుకున్నది. "హౌండ్ డాగ్" కూడా అంతే. ఎల్విస్ 1956లో దాంతో ప్రపంచాన్ని ఉర్రూతలూగించడానికి మూడేళ్ళ ముందే బిగ్ మామా థార్న్‌టన్ అనే ఆవిడ రికార్డు వచ్చింది. ఎల్విస్ దొంగ అని నేననను. ఆ పాటలంటే అతనికి నిజంగానే పిచ్చి. కానీ క్రూడప్‌కి రావలసిన రాయల్టీలు 1974లో ఆయన పోయేదాకా సరిగా అందనేలేదు. అది మాత్రం ఎల్విస్ పాట విన్న ప్రతిసారీ నాకు గుర్తొస్తుంది.

ఇక రెండో సగం, అంటే సినిమాల ఎల్విస్. 31 కథాచిత్రాల్లో నటించాడు. అరవయ్యుల్లో ఏడాదికి మూడేసి. ఇదేం లెక్క, మన కృష్ణగారు ఒకే ఏడాది పదిహేనుకి పైగా సినిమాలు చేశారు కదా అంటారేమో! నిజమే. కానీ కృష్ణగారు కౌబాయ్ వేశారు, అల్లూరి వేశారు. ఎల్విస్‌కి మాత్రం ఎప్పుడూ అదే కథ. ఓ బీచి, ఓ కారు, నలుగురమ్మాయిలు, కొలత ఇచ్చి కుట్టించినట్టు పదేసి పాటలు. దీనికంతటికీ సూత్రధారి మేనేజరు కల్నల్ పార్కర్. పేరుకి అమెరికన్ కల్నల్, అసలు హాలెండు నుంచి కాగితాలు లేకుండా వచ్చి స్థిరపడ్డవాడు. ఎల్విస్ తన జన్మలో అమెరికా బయట కచేరీ చేసింది 1957లో కెనడాలో మాత్రమే! పాస్‌పోర్టు లేని మేనేజరుకి దేశం దాటడం ఇష్టంలేకే లండనూ, టోక్యో అన్నీ వదులుకున్నాడని చాలామంది అనుమానం.

1968లో టీవీ కోసం నల్ల తోలు బట్టలు వేసుకుని, పాత మిత్రుల మధ్య కూర్చుని పాడాడు చూడండి... అదొక్కటి చాలు, మిగతా బీచి సినిమాలన్నీ క్షమించేయొచ్చు. 1977 ఆగస్టు 16న పోయేనాటికి వయసు 42. "వినిపిస్తున్నాడా?" అని అడిగాను. "గొంతు వినిపిస్తోంది, గిటార్ తీగ కొస వినిపించడంలేదు" అన్నాడు మామయ్య.

మద్రాసు కుర్రాడు బీటిల్స్‌ని ఆపేశాడు!

పాప్ సంగీతానికీ మనకీ ఏం సంబంధం అనేవాళ్ళకి మామయ్య ఎప్పుడూ చెప్పే కథ ఇది. ఎంగెల్బర్ట్ హంపర్‌డింక్ పేరు విన్నారా? అసలు పేరు ఆర్నాల్డ్ జార్జ్ డోర్సీ. పుట్టింది మన మద్రాసులోనే, 1936లో! తండ్రి బ్రిటిష్ సైన్యంలో ఉండేవాడు. పదేళ్ళప్పుడు ఇంగ్లాండులో లెస్టర్‌కి వెళ్ళిపోయారు. (క్లిఫ్ రిచర్డ్ పుట్టింది లక్నోలో, 1940లో. చూశారా!) నాలిక తిరగని ఆ పేరు ఓ జర్మన్ ఒపేరా స్వరకర్త దగ్గర అరువు తెచ్చుకున్నది.

1967లో బీటిల్స్ ఒకే రికార్డుకి రెండు వైపులా రెండు ఆణిముత్యాలు పెట్టి విడుదల చేశారు. ఒకవైపు "పెన్నీ లేన్", రెండోవైపు "స్ట్రాబెర్రీ ఫీల్డ్స్". బ్రిటన్‌లో అది రెండో స్థానం దాటి పైకి పోలేదు. ఎందుకంటే ఒకటో స్థానంలో మన మద్రాసు కుర్రాడు "రిలీజ్ మీ" పెట్టుకుని ఆరు వారాలు కదలకుండా కూర్చున్నాడు!

ఇందులో న్యాయం ఉందా? నన్నడిగితే లేదు. హంపర్‌డింక్‌ది పట్టు పంచెలాంటి గొంతు. పెళ్ళికి బావుంటుంది, రోజూ కట్టుకోలేం. ఈ మాటకి మామయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

బీటిల్స్ గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? 1964 ఫిబ్రవరిలో అమెరికాలో ఎడ్ సలివన్ షోలో కనిపిస్తే 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. 1966 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడిందే చివరి టిక్కెట్టు కచేరీ. అభిమానుల కేకల్లో వాళ్ళ పాట వాళ్ళకే వినపడక స్టూడియోలో దూరిపోయారు. 1968లో రిషీకేశ్ వచ్చారు. 1970కల్లా విడిపోయారు. నా అభిప్రాయాలు మాత్రం చెబుతాను. అందరూ లెనన్ గొప్పా, మెకార్ట్‌నీ గొప్పా అని తన్నుకుంటారు గానీ, నా ఓటు జార్జ్ హారిసన్‌కి. రవిశంకర్‌గారి దగ్గర సితార్ నేర్చుకోవడానికి కూర్చున్నాడు. తనకి ఆ వాయిద్యం పూర్తిగా పట్టుబడదని గ్రహించి గిటార్‌కే తిరిగొచ్చాడు. కోట్లాదిమంది దేవుడిలా చూస్తున్న వయసులో "ఇది నాకు రాదు" అని ఒప్పుకోవడం తేలికా? గురువుగారు అడిగితే 1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ పెట్టాడు. తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి గానీ, దారి వేసింది అదే.

ఇంకోటి. రింగో స్టార్‌కి డ్రమ్స్ రావని వెక్కిరించేవాళ్ళున్నారు. ఒట్టి మాట! అతను ఎడంచేతివాటం మనిషి, వాయించేది కుడిచేతివాళ్ళకి అమర్చిన డ్రమ్స్. అందుకే అతని విరుపులు ఇంకొకరికి రావు. ఈ విషయంలో మామయ్యా నేనూ ఒకే పార్టీ. కాకపోతే ఇప్పుడాయనకి రింగో తాళాలు వినిపించవు, కింది దరువు మాత్రమే వినిపిస్తుంది. "సగం రింగో చాల్లే" అన్నాడు, నా ఎల్విస్ మాట నాకే అప్పజెబుతూ.

రోలింగ్ స్టోన్స్ మీద నాకు పెద్దగా చెప్పాలని లేదు. 1962లో మొదలుపెట్టి 2023లో కూడా కొత్త పాటల ఆల్బం తెచ్చారంటే ఓపిక మెచ్చుకోవాలి. 2003లో బెంగుళూరు, బొంబాయి వచ్చి ఆడి వెళ్ళారు కూడా. జాగర్ ఒళ్ళు విరుచుకోవడం కంటే వెనక కోటు వేసుకుని, ఏమీ జరగనట్టు మొహం పెట్టి డ్రమ్స్ వాయించే చార్లీ వాట్స్ నాకిష్టం. 2021లో ఆయన పోయాక నా వరకూ ఆ బృందం అయిపోయింది.

బాబ్ డిలాన్ దగ్గర మాత్రం ఇల్లు రెండు ముక్కలైంది. మామయ్యకి ఆ గొంతు గిట్టదు. "వాడు పాడుతున్నాడా, పక్కింటివాడితో పొలం గట్టు తగాదా పడుతున్నాడా?" అంటాడు. 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమతి డిలాన్‌కి ఇచ్చినప్పుడు నేను ఫోన్ చేసి గెలిచాననుకున్నాను. ఆయన తొణకలేదు. "సాహిత్యానికిచ్చారు, గొంతుకివ్వలేదుగా?" అన్నాడు! ఆ మాట మీద ఆలోచిస్తే మనవాళ్ళు గుర్తొచ్చారు. సినారెగారికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది "విశ్వంభర" కావ్యానికి. వేల సంఖ్యలో రాసిన సినిమా పాటలకి కాదు. సినిమా పాట రాసినవాణ్ణి కవి అనడానికి మనం ఇప్పటికీ కాస్త నసుగుతాం. స్వీడన్‌వాళ్ళు నసగలేదు.

స్వీడన్ అంటే అబ్బా! అదేనండీ, ఏబీబీఏ. 1974లో "వాటర్లూ"తో యూరోవిజన్ పోటీ గెలిచిన రెండు జంటలు. వాళ్ళ "మమ్మా మియా" వరస 1977లో హిందీ సినిమా "హమ్ కిసీసే కమ్ నహీఁ"లో తేలింది, వినిచూడండి. సుఖంగా నవ్వుతూ ఉన్నట్టుంటారు గానీ, ఆ రెండు జంటలూ విడాకులు తీసుకుంటూ పాడిన చివరి పాటలే నాకు నచ్చుతాయి. ఇక్కడితో ఆపుతాను. ఎందుకంటే అసలు గొడవ ముందుంది.

పాడిందొకరు... ఆడిందొకరు

బోనీ ఎమ్! ఈ పేరు వింటేనే మా వీధిలో ఓ తరం మొత్తం భుజాలు కదిలిస్తుంది. ముగ్గురు ఆడవాళ్ళు, మధ్యలో మెరుపుతీగలాంటి బాబీ ఫారెల్. చొక్కా గుండీలన్నీ ఊడదీసి, ఒళ్ళంతా స్ప్రింగులున్నట్టు గెంతుతూ, గుహలోంచి వస్తున్నట్టు లోతైన గొంతుతో... "రాస్‌పుటిన్" 1978లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది కాలేజీ డేకి మామయ్య బాబీ ఫారెల్ వేషం వేశాడు. అత్తయ్య మొదటిసారి ఆయన్ని చూసింది అప్పుడే. అంటే మా కుటుంబ చరిత్రలో బాబీ ఫారెల్‌కి కొంత బాధ్యత ఉందన్నమాట.

నేను కాలేజీలో ఉండగా ఇంటర్నెట్లో ఓ సంగతి చదివాను. రికార్డుల్లో ఆ మగగొంతు బాబీ ఫారెల్‌ది కాదు! బృందాన్ని తయారుచేసిన జర్మన్ నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. ఆయన ఒకప్పుడు వంటపని నేర్చుకున్నవాడు. మొదటి పాట 1975లో స్టూడియోలో తానే పాడేసి "బోనీ ఎమ్" అని పేరు పెట్టాడు. పాటకి గిరాకీ వచ్చాక, టీవీలో చూపించడానికి మనుషుల్ని వెతికాడు. ఆడవాళ్ళలో కూడా లిజ్ మిచెల్, మార్షియా బారెట్ మాత్రమే రికార్డుల్లో పాడారు. మూడో ఆవిడ మేజీ విలియమ్స్ గొంతు వాటిలో లేదు.

సెలవులకి వెళ్ళి, భోజనాల దగ్గర ఈ సంగతి గొప్పగా బయటపెట్టాను. పందొమ్మిదేళ్ళ వయసు, తెలిసింది చెప్పకుండా ఉండలేని రోజులు. మామయ్య కంచంలో చెయ్యి ఆగిపోయింది. నేనేదో ఆయన్నే దొంగ అన్నట్టు చూశాడు. అత్తయ్య పెరుగు గిన్నె నా ముందు కాస్త గట్టిగానే పెట్టింది. ఇవ్వాళ్టికీ ఆ పూట తలుచుకుంటే నాకు సిగ్గే.

ఆయన జవాబు చెప్పడానికి మూడు రోజులు పట్టింది. కానీ చెప్పాక నాకు నోరు పెగల్లేదు.

"మాయాబజార్‌లో పడవ పాట విన్నావా? నాగేశ్వర్రావుకీ ఘంటసాలే, రామారావుకీ ఘంటసాలే. ఒకే పాటలో! నువ్వెప్పుడైనా టిక్కెట్టు డబ్బులు వాపసడిగావా?"

పాఠకులారా, ఇది ఆషామాషీ ప్రశ్న కాదు. 1990లో ఇదే ఫారియన్ తయారుచేసిన మరో జంట, మిల్లీ వనిల్లీ, గ్రామీ అవార్డు గెలిచింది. ఆ కుర్రాళ్ళిద్దరూ రికార్డులో ఒక్క అక్షరం పాడలేదని ఆ నవంబరులో ఫారియనే ఒప్పుకున్నాడు. అవార్డు వెనక్కి తీసుకున్నారు. అమెరికాలో గగ్గోలు! వెక్కిరింపులతో ఆ ఇద్దరి బతుకూ వీధినపడింది. వాళ్ళలో రాబ్ పిలాటస్ 1998లో 32 ఏళ్ళకే పోయాడు. మన దేశంలోనైతే అతను పెదవులు బాగా కదిపినందుకు హీరో అయ్యేవాడు. ఒకచోట నేరం, ఒకచోట కళ!

అయినా నేను పూర్తిగా ఓడిపోలేదు. నా పాయింటు ఇది: మన సినిమా టైటిల్స్‌లో "నేపథ్యగానం" అని ఓ కార్డు పడుతుంది. ఘంటసాల, సుశీల, లీల, అందరి పేర్లూ తెర మీదే ఉంటాయి. రికార్డు లేబుల్ మీదా ఉంటాయి. దాచిందేమీ లేదు. రామారావుగారు పాడలేదని తెలిసీ మనం ఆయన పాడుతున్నట్టు నమ్ముతాం. ఫారియన్ జనానికి ఆ అవకాశం ఇవ్వలేదు. తప్పు గొంతు అరువు తేవడంలో లేదు, పేరు మింగెయ్యడంలో ఉంది.

"మరి బాబీ ఏం తప్పు చేశాడు?" అన్నాడు మామయ్య. ఏమీ చెయ్యలేదు. ఆ కాళ్ళు అతనివే. ఆ ఊపు అతనిదే. అరుబా దీవి నుంచి వచ్చిన కుర్రాడు పొట్టకూటికోసం ఆడాడు. బాబీ ఫారెల్ 2010 డిసెంబరు 30న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చనిపోయాడు. ముందురోజు రాత్రి కూడా ప్రదర్శన ఇచ్చాడు. అసలు రాస్‌పుటిన్‌ని చంపింది కూడా ఆ ఊళ్ళోనే, 1916లో, సరిగ్గా అదే తేదీన! ఇది సినిమాలో రాస్తే మన ప్రేక్షకులే నమ్మరు. ఫారియన్ 2024 జనవరిలో పోయాడు. ఆ వార్త మామయ్యకి నేనే చెప్పాను. "పాపం, బాగా పాడేవాడు" అన్నాడు. అంతే.

గోలీమార్!

మైకేల్ జాక్సన్ విషయంలో నాదో అవమానకరమైన రహస్యం ఉంది. ఏడెనిమిదేళ్ళ వయసులో టీవీలో చిరంజీవి "దొంగ" సినిమా చూశాను. గోలీమార్ పాటలో శ్మశానం, లేచొచ్చిన దెయ్యాలు, ఎర్ర బట్టల్లో చిరంజీవి... కొన్నాళ్ళకి మామయ్య ఇంట్లో వీడియో కాసెట్టులో "థ్రిల్లర్" చూపించారు. నేను లేచి నిలబడి, "మామయ్యా, వీడెవడో చిరంజీవిని కాపీ కొట్టాడు!" అని అరిచాను. "థ్రిల్లర్" వీడియో 1983లో వచ్చింది, "దొంగ" 1985లో. ఈ కథ మా ఇంట్లో ప్రతి పెళ్ళిలోనూ చెబుతారు.

నా మాట అడిగితే "థ్రిల్లర్" ఆల్బం కంటే అంతకుముందు 1979లో వచ్చిన "ఆఫ్ ద వాల్" గొప్పది. రెండిటికీ నిర్మాత క్విన్సీ జోన్సే. "ఆఫ్ ద వాల్"లో పాడుతున్నది ఇరవై ఏళ్ళ కుర్రాడు, ఇంకా ఎవర్నీ గెలవాల్సిన అవసరం లేనివాడు. తర్వాత ప్రతి పాటా ఓ యుద్ధమే. అయితే 1983లో మోటౌన్ సంస్థ పాతికేళ్ళ పండగలో, టీవీ జనానికి మొదటిసారి ఆ వెనక్కి జారే నడక చూపించాడే... ఆ కొన్ని క్షణాల ముందు నా అభిప్రాయాలన్నీ దండగ. 1996 నవంబరు 1న బొంబాయి వచ్చినప్పుడు మామయ్య వెళ్దామని డబ్బు కూడబెట్టాడు. ఆ డబ్బు మా అమ్మమ్మ ఆపరేషన్‌కి ఖర్చయింది. దాని గురించి ఆయన ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

మరో సంగతి రాయకుండా దాటేస్తే మోసం చేసినట్టే. పిల్లల విషయంలో జాక్సన్ మీద ఆరోపణలొచ్చాయి. 2005లో కోర్టు నిర్దోషి అంది. 2009 జూన్ 25న చనిపోయాడు. 2019లో ఇద్దరు మగవాళ్ళు ఓ డాక్యుమెంటరీలో మళ్ళీ గట్టి ఆరోపణలు చేశారు. ఆయన ఎస్టేటువాళ్ళు కాదన్నారు. తేల్చడానికి నేనెవర్ని? కానీ ఆ డాక్యుమెంటరీ చూశాక కొన్ని పాటలు నేను ఇదివరకటిలా వినలేకపోతున్నాను. మామయ్య వింటాడు. ఈ ఒక్క విషయంలో మేం పోట్లాడుకోం. కాసెట్ మార్చేస్తాం.

ఫ్రెడ్డీ మెర్క్యురీ మనవాడే అని చెప్పుకోవడం ఈమధ్య ఫ్యాషనైంది. నిజమే, పార్సీ కుటుంబం, అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. జంజిబార్‌లో 1946లో పుట్టి, బొంబాయి దగ్గర పంచగనిలో బోర్డింగ్ స్కూల్లో చదివాడు. మొదటి బృందం "హెక్టిక్స్" అక్కడి స్కూలు పిల్లలతో కట్టిందే. కానీ అతను బతికుండగా మనం పట్టించుకున్నదెంత? 1975లో "బోహీమియన్ రాప్సోడీ" పాట దాదాపు ఆరు నిమిషాలుందని, రేడియోవాళ్ళు వెయ్యరని అందరూ భయపెట్టారు. అందులో ఒపేరా ముక్క కోసం గొంతు మీద గొంతు, గొంతు మీద గొంతు రికార్డు చేస్తూ పోతే టేపు అరిగి అవతలి వెలుతురు కనిపించేదని గిటారిస్టు బ్రయన్ మే చెప్పాడు. 1985 జులై 13న లైవ్ ఎయిడ్‌లో వెంబ్లీ స్టేడియం మొత్తాన్ని ఇరవై నిమిషాల్లో చేతిలోకి తీసుకున్నాడు. 1991 నవంబరులో తనకి ఎయిడ్స్ ఉందని ప్రకటించిన మర్నాడే పోయాడు.

ఈ కాసెట్ పెట్టినప్పుడు మామయ్య మొహం చూశాను. ఒపేరా ముక్క వచ్చింది. పైస్థాయికి పోయింది. ఆయన పెదవులు కదులుతున్నాయి, జ్ఞాపకంతో. ఓ చోట ఆయన ముందే ఆగిపోయాడు, పాట ఇంకా పైకి పోతూనే ఉంది. "అయిపోయిందా?" అన్నాడు. "అయిపోయింది" అన్నాను.

వడ్రంగులు కాదండీ బాబూ!

2023 మార్చిలో "నాటు నాటు"కి ఆస్కార్ వచ్చిన పొద్దున మీరందరూ టీవీల ముందే ఉండి ఉంటారు. కీరవాణిగారు వేదిక ఎక్కి, కార్పెంటర్స్ వింటూ పెరిగానన్నారు. ఓ పాట వరసలో నాలుగు మాటలు పాడారు. మన దగ్గర కొందరు, ఆయన చిన్నప్పుడు వడ్రంగుల చప్పుడు వింటూ పెరిగారని అర్థం చేసుకున్నారు! మామయ్య మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ పాట "టాప్ ఆఫ్ ద వరల్డ్". ఆ కాసెట్ పెట్టెలో ఉంది. కొన్నాళ్ళకే రిచర్డ్ కార్పెంటర్ తన కూతుళ్ళతో కలిసి అదే వరసలో కీరవాణికీ, చంద్రబోస్‌కీ అభినందనలు పాడి పంపాడు. రాజమౌళి బృందానికి కళ్ళు చెమర్చాయంటే ఎవరు మాత్రం కాదంటారు?

కార్పెంటర్స్ అంటే అన్నాచెల్లెళ్ళు. రిచర్డ్ పియానో, కారెన్ పాట. నేను కాలేజీ రోజుల్లో వీళ్ళని పాలమీగడ సంగీతం అని తీసిపారేసేవాణ్ణి. రాక్ అంటే అరవాలి, గిటార్ విరగ్గొట్టాలి అనుకునే రోజులు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, తప్పు నాదే.

కారెన్ మొదట గాయని కాదు, డ్రమ్మరు! డ్రమ్స్ వెనక కూర్చుని పాడేది. 1970లో "క్లోజ్ టు యూ" అమెరికాలో ఒకటో స్థానానికి వెళ్ళాక, కచేరీల్లో జనానికి ఆవిడ కనిపించడంలేదని ముందుకు రమ్మన్నారు. ఆవిడకి ఇష్టం లేదు. డ్రమ్స్ వెనక ఉన్నంతకాలం ఆవిడ ఓ వాద్యకారిణి. ముందుకొచ్చాక అందరూ చూసే ఓ అమ్మాయి. ఒళ్ళు తగ్గించుకోవాలని తిండి మానేసే జబ్బు పట్టుకుంది. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు తెలిసినవాళ్ళే తక్కువ. 1983 ఫిబ్రవరి 4న, 32 ఏళ్ళకి గుండె ఆగిపోయింది. తనకోసం తాను చేసుకున్న ఒకే ఒక్క సోలో ఆల్బం 1980లోనే పూర్తయినా పక్కన పడేశారు. 1996లో గానీ బయటికి రాలేదు. సన్నబడమని ఊదరగొట్టే మన సినిమా ప్రపంచంలో ఆవిడ కథ తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో!

ఆ గొంతు సంగతి చెప్పాలి. ఆడగొంతు అంటే పైస్థాయిలో మెరవాలని మనకో అలవాటు. కారెన్‌ది కిందకి దిగే గొంతు. దిగేకొద్దీ వెచ్చనవుతుంది. అరుపు లేదు, వణుకు లేదు. పక్కన కూర్చుని, మనకి మాత్రమే చెబుతున్నట్టుంటుంది.

మేం ఆ కాసెట్ దాకా వచ్చేసరికి నవంబరు అయింది. నూటయాభై దాటిపోయాయి. "వినిపించదు", "సగం", "దరువొక్కటే" అని నేను నోటుపుస్తకంలో రాసుకుంటూ పోతున్నాను. టేపు కొంచెం ఈడ్చింది. తర్వాత కారెన్ మొదలుపెట్టింది. మామయ్య కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. "ఒరే, మొత్తం వినిపిస్తోందిరా" అన్నాడు. గీత ఎడమవైపు, కొండ మొదలవకముందు, ఆ గొంతు ఉంది. డాక్టరుగారి కాగితం మీద చూపించమంటే వేలుపెట్టి చూపించగలను.

ఇప్పుడు మామయ్యకి చెవి మిషన్ వచ్చింది. మాటలకి బాగానే ఉంది గానీ, పాట పెడితే రేకు డబ్బా మోగినట్టుందంటాడు. అందుకని రోజూ సాయంత్రం ఆరింటికి మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకుని, టేప్‌రికార్డర్ పక్కన కూర్చుంటాడు. ఆ గంటసేపూ అత్తయ్య వంటింట్లోంచి ఎంత పిలిచినా ఉలకడు, పలకడు. నిజంగా వినిపించకా, కావాలనా అని ఆవిడకి గట్టి అనుమానం. నన్ను సాక్ష్యానికి పిలుస్తుంది. నేను మాత్రం నోటుపుస్తకంలో తల దూరుస్తాను. లెడ్ జెప్లిన్ కాసెట్లు ఇంకా ఏడు మిగిలున్నాయి మరి!